వండినవాడిది ఏ ఊరు?

కిందటి నెల మా తమ్ముడూ నేనూ హైదరాబాదులో ఒక హోటల్‌కి వెళ్లాం. బోర్డు మీద ఉత్తరాంధ్ర వంటలు అని ఉంది. వాడు చేపల పులుసు చెప్పాడు. రెండోసారి పోయించుకున్నాడు. ముక్కు తుడుచుకుంటూ "అమ్మ పెట్టినట్టే ఉందక్కా" అన్నాడు. బిల్లు కడుతుంటే వంటింటి తలుపు తెరుచుకుంది, లోపల ఇద్దరు కుర్రాళ్లు ఒడియాలో మాట్లాడుకుంటున్నారు. పులుసు పెట్టేది వాళ్లేనని వడ్డించే అతను చెప్పాడు. బయటికొచ్చి బండి స్టార్ట్ చేస్తూ మావాడు, "అనుకున్నాను, ఏదో తేడా కొట్టింది. బెల్లం వేయడం తెలీదు వీళ్లకి" అన్నాడు.

రెండు గిన్నెలు ఖాళీ అయ్యాక తేడా కొట్టిందన్నమాట. ఇంకెవరైనా అయితే వాణ్ని అక్కడే ఉతికేసేవాళ్లు. నేను నోరు మూసుకుని వెనక కూర్చున్నాను. ఎందుకంటే మలేషియాలోని పెనాంగ్‌లో ఉన్నప్పుడు అచ్చం ఇదే పని నేనూ చేశాను. అక్కడ పులుసు బదులు నూడుల్స్, అంతే.

2015 మధ్యలో ఉద్యోగం మీద వెళ్లి మూడేళ్లు ఉన్నాను అక్కడ. బాయన్ లెపాస్ ఫ్యాక్టరీల్లో ఒకదాంట్లో టెస్ట్ ఇంజనీరు పని. ఇల్లు దగ్గర్లోనే, బాయన్ బారులో ఫ్లాట్. కింద ఒక కోపితియామ్. అంటే కాఫీ కొట్టే, కాకపోతే ఓనరు తాగేవి మాత్రమే అమ్ముకుంటాడు, లోపల ఉన్న బండ్లన్నీ తలా ఒకరికి అద్దెకిస్తాడు. ఒకామెది కర్రీ మీ, ఒకాయనది వాంటన్ మీ (మీ అంటే నూడుల్స్), ఇంకొకాయనది బాతు మాంసంతో అన్నం. బండి దగ్గర చెప్పొచ్చి ఎక్కడో ఒక చోట కూర్చుంటే బల్ల వెతుక్కుంటూ వాళ్లే తెచ్చిపెడతారు. టీయో మంచినీళ్లో కొనకుండా కూర్చుంటే మాత్రం టీ కౌంటరు ఆంటీ మొహం మాడిపోతుంది.

అక్కడ చార్ కోయ్ తియావ్ వేసే పెద్దాయన ఉండేవాడు. అందరిలాగే నేనూ అంకుల్ అనేదాన్ని. కోయ్ తియావ్ అంటే బియ్యప్పిండి జారుగా కలిపి, ఆవిరి మీద పల్చటి రేకుల్లా పోసి, వేలెడు వెడల్పున కోసిన పట్టీలు. పొద్దున చేసినవి ఆ రోజే వాడెయ్యాలి, ఫ్రిజ్‌లో పెడితే బిరుసెక్కి విరిగిపోతాయి. ఇనప మూకుడు పొగలు కక్కేదాకా కాల్చి పంది కొవ్వు, వెల్లుల్లి, రొయ్యలు, ఆ మీద నూడుల్స్, సోయా, మిరప ముద్ద వేస్తాడు. వాటిని పక్కకి తోసి గుడ్డు కొడతాడు. ఆఖర్న గుప్పెడు పెసర మొలకలు, వెల్లుల్లి వాసనొచ్చే కూచాయ్ ఆకు, గుల్లల మాంసం. కాకినాడ సముద్రంలో దొరికే గుల్లల జాతే అది. మనవాళ్లు పెంకులు సున్నానికి వాడతారు గానీ లోపలిది పెద్దగా తినరు. గుల్లలు పడ్డాక ఐదారు సెకన్లే, దాటితే రబ్బరు నమిలినట్టు ఉంటుంది. మొత్తం కలిపి రెండు నిమిషాలు, ఒక్కసారికి ఒక్క ప్లేటు. ఆ వేడికి సోయా మాడీ మాడనట్టు అంటుకుని పట్టే పొగ వాసనని వోక్ హే అంటారు, మూకుడు ఊపిరి అని. (పంది కొవ్వు సంగతి అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. అమ్మ బ్లాగులు చదవదు కాబట్టి ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను.)

అంకుల్ దగ్గర బర్మా కుర్రాడు ఒకడు పనిచేసేవాడు. రొయ్యలు ఒలవడం, ప్లేట్లు కడగడం, బొగ్గులు మార్చడం. వర్షాకాలం రెండు నెలలూ నేను పార్సిలే తెచ్చుకున్నాను. టీ కౌంటరు ఆంటీకి చెప్పేసి మెట్ల దగ్గర నిలబడితే పొట్లం ఆవిడే చేతికిచ్చేది. ఆ పొట్లాల గురించి ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పేదాన్ని, ఇలాంటిది ప్రపంచంలో లేదు అని. ఒక రాత్రి వాన లేదని కింద కూర్చున్నాను. చూస్తే మూకుడు ముందు ఆ కుర్రాడున్నాడు. అంకుల్ మణికట్టుకి కట్టు కట్టుకుని పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. తిన్నాను. ఏదో తక్కువైంది. మర్నాడు ఆఫీసులో చెప్పాను కూడా, ఎంతైనా ఆ కుర్రాడి చేతికి ఆ ఊపిరి రాదు అని. వారం తర్వాత ఆంటీ మాటల్లో తెలిసింది, రెండు నెలలుగా రాత్రి పూట వేస్తున్నది ఆ కుర్రాడేనట. నేను ఇంటికి ఫోన్ చేసి పొగిడిన పొట్లాలన్నీ వాడివే.

అప్పటికి ఆ ఊళ్లో ఇదే చర్చ. బండ్ల దగ్గర ప్రధాన వంటవాడిగా విదేశీయులు ఉండకూడదని పెనాంగ్ రాష్ట్ర ప్రభుత్వం 2014లోనే ప్రకటించింది, 2016 జనవరి 1 నుంచి అమల్లో పెట్టింది. చార్ కోయ్ తియావ్, అసమ్ లక్సా, హొక్కియెన్ మీ, కర్రీ మీ, నాసి లెమాక్, ఇలా పెనాంగ్‌కి పేరు తెచ్చినవన్నీ జాబితాలో ఉన్నాయి. చేతి కింద పనికి విదేశీయులు ఉండొచ్చు, గరిటె మాత్రం పట్టుకోకూడదు. జనవరిలో మా కుర్రాడు మళ్లీ రొయ్యల దగ్గరికెళ్లిపోయాడు. అంకుల్ కట్టు విప్పి మూకుడు ముందు నిలబడ్డాడు.

అది తప్పుడు నిబంధన అని నా అభిప్రాయం. ఈ మాట అనడానికి నాకు చాలా కాలం పట్టింది, ఎందుకంటే దాన్ని సమర్థించేవాళ్లు చెప్పేది తీసిపారెయ్యదగ్గది కాదు.

నాలుగు ప్లేట్లు ఒకే మూకుట్లో

పెనాంగ్ రాజధాని జార్జ్‌టౌన్‌లో టూరిస్టులు కిక్కిరిసే రోడ్డొకటి. చుట్టాలు వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్లాను. బండి ముందు పాతికమంది క్యూ. ఓనరు బల్ల దగ్గర కూర్చుని ఫోన్ చూసుకుంటూ డబ్బులు తీసుకుంటున్నాడు. మూకుడు దగ్గరున్నవాడు కొత్త. ఎంత కొత్త అంటే సోయా సీసా ఏదో, నూనె సీసా ఏదో ప్రతిసారీ తిప్పి చూసుకుంటున్నాడు. నాలుగు ప్లేట్లకి సరిపడా నూడుల్స్ ఒకేసారి వేశాడు. అంత సరుకు పడగానే మూకుడు చల్లారిపోతుంది, మొలకల్లోంచి నీళ్లు ఊరతాయి, వేగాల్సింది ఉడుకుతుంది. మాకొచ్చింది నల్లటి, తడి తడి ముద్ద. మా పిన్ని రెండు ముద్దలు తిని "మన శ్రీకాకుళం బండి మీద నూడుల్సే నయం" అంది. కాదనలేకపోయాను.

నిబంధన కావాలన్నవాళ్లు చూపించేది ఇలాంటి ప్లేటునే. బండి పెట్టిన తాత ముప్ఫై ఏళ్లు మంట ముందు నిలబడి నేర్చుకున్నది, లైసెన్సు చేతికొచ్చిన మనవడు రెండు వారాల్లో ఒక పనివాడికి అప్పజెప్పి తను వేరే వ్యాపారం చూసుకుంటాడు. పేరు అదే, బోర్డు అదే, రుచి పోతుంది. ఊరి పేరే ఆ రుచి మీద నిలబడినప్పుడు ప్రభుత్వం చూస్తూ ఊరుకోవాలా? తక్కువ జీతానికి బయటివాళ్లు దొరుకుతున్నంత కాలం స్థానికుడికి ఆ పనిలో బతుకు దొరకదు, అది రెండో వాదన. రెండింట్లోనూ నిజం ఉంది.

కానీ ఆ రోజు ప్లేటుని చెడగొట్టింది ఎవరు? నాలుగు కలిపి వెయ్యమన్నది క్యూ, క్యూని కరిగించమన్నది ఓనరు. సోయా సీసా గుర్తుపట్టని మనిషిని మంట ముందు నిలబెట్టిందీ ఓనరే. ఆ వంటవాడి పాస్‌పోర్టు మలేషియాదే అయినా మాకొచ్చేది అదే ముద్ద. అంకుల్ దగ్గర బర్మా కుర్రాడు మూడేళ్లు రొయ్యలు ఒలుస్తూ ఆ చెయ్యిని చూశాడు. వీడు మూడు వారాలు. తేడా అక్కడుంది.

లక్సా ఎక్కడ వండుతారు

ఈ నిబంధన మీద నాకు మొదటిసారి అనుమానం పుట్టించింది నిజానికి చార్ కోయ్ తియావ్ కాదు, అసమ్ లక్సా.

2016లో అమ్మ వచ్చి నెల రోజులుంది. బాలిక్ పులావ్ అనే ఊరికి తీసుకెళ్లి అసమ్ లక్సా తినిపించాను. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఇది పులుసే కదే! అన్నంలో పొయ్యకుండా సేమ్యాలో పోశారేంటి?" అంది. మలయ్‌లో అసమ్ అంటేనే పులుపు. చింతపండు పులుసు, దాంతోపాటు కేరళవాళ్లు చేపల కూరలో వేసే కొడంపులికి చుట్టం లాంటి అసమ్ గెలుగోర్ ఎండు ముక్కలు. అందులో ఉడికించి, ముళ్లు తీసి, చిదిమి కలిపిన చేప. మీద కీర, అనాస, పుదీనా, ఉల్లి, బుంగా కంతాన్ అనే అల్లం జాతి మొగ్గ తరుగు. చివర్న ఒక చెంచా హే కో, నల్లటి తియ్యటి రొయ్యల ముద్ద. అమ్మ దాన్ని వేలితో నాకి చూసి "బెల్లం బదులు ఇదన్నమాట" అని తేల్చేసింది. మా వైపు పులుసులో బెల్లం పడకపోతే అది పులుసే కాదు మరి.

ఆ చేప ఇకాన్ కెంబుంగ్, అంటే మన కానాగంత. దాని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. 1803లో పాట్రిక్ రసెల్ అనే బ్రిటిష్ వైద్యుడు విశాఖపట్నం చేపల మీద పుస్తకం వేసినప్పుడు జాలరులు చెప్పిన తెలుగు పేర్లే రాసుకున్నాడు, తర్వాత కువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాన్నే లాటిన్ పేరులో పెట్టేశాడు. అమ్మకి ఇది చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మన చేపే కాబట్టి మన పేరే ఉంటుంది" అంది.

ఆ బండి ముందు భాగంలో ఒక చైనీస్ పెద్దావిడ నిలబడి ఉంది. ఆమె చేసేది చూస్తూ కూర్చున్నాను. తెల్లటి లావు బియ్యం నూడుల్స్ జల్లిలో వేసి వేణ్ణీళ్లలో ముంచుతుంది, గిన్నెలో వేస్తుంది, పులుసు పోస్తుంది, తరుగు చల్లుతుంది. ఒక నిమిషం. అది మా తమ్ముడు కూడా చెయ్యగలడు. లక్సా వంట అంతా అంతకుముందే అయిపోయింది. తెల్లవారుజామున బుట్టెడు చేపలు ఉడికించి, ఒక్కొక్కదానికీ సన్న ముళ్లు వేళ్లతో వెతికి తీసి, మిరపకాయలూ, బెలచాన్ అనే రొయ్యల ముద్దా నూరి, గంటల తరబడి మరిగించడంలో ఉంది. ఆ పని చేసే ఇండోనేషియా ఆవిడ వెనక గుమ్మంలో కూర్చుని మర్నాటి చేపలకి ఉప్పు పట్టిస్తోంది. చేతి వేళ్ల చివర్లు తెల్లగా నాని ముడతలు పడి ఉన్నాయి.

మరి ఆ లక్సా వండింది ఎవరు? గరిటె పట్టుకుని ముందు నిలబడ్డవారిని చూసుకుంటే అంతా స్థానికమే. చార్ కోయ్ తియావ్‌కి చివరి రెండు నిమిషాలే సర్వస్వం, లక్సాకి చివరి నిమిషానికి విలువే లేదు. రెండింటికీ ఒకటే కొలబద్ద పెడితే అది కొలిచేది రుచిని కాదు. బండి ముందు నిలబడి ఫొటో తీసుకునే టూరిస్టుకి కనబడే మొహాన్ని కొలుస్తుంది.

అస్లి

మా టీమ్‌లో ఒక మలయ్ అమ్మాయి ఉండేది. పంది కొవ్వు వాడే చోటికి రాదు కాబట్టి మా కోపితియామ్‌లో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. ఆమె చార్ కోయ్ తియావ్ వేరే. మలయ్ బండి మీద, మామూలు నూనెతో, కాస్త పులుసు పులుసుగా, గుల్లలు ఎక్కువగా. ఒకసారి తినిపించి "ఇదే అస్లి" అంది. మన "అసలు" మాటే, అరబ్బీ నుంచి వాళ్లకీ మనకీ వచ్చింది. నేను లోపల నవ్వుకున్నాను, అసలుది మా అంకుల్‌దే అని నాకు గట్టి నమ్మకం. ఆమె మూడు తరాలుగా తింటోంది, నేను ఏడు నెలలుగా. అయినా నేనే నవ్వుకున్నాను.

అందరం కలిసి తినాలంటే ఒక్కటే దారి, మామక్ కొట్టు. చైనీస్ వాళ్లు, మలయ్ వాళ్లు, మేము, అందరూ కూర్చోగలిగేది అక్కడే. తిండి మలేషియాని కలుపుతుంది అని పోస్టర్ల మీద రాస్తుంటారు. నేను చూసినంతలో బల్లలు పెద్దగా కలవలేదు, వంటలే గోడ దూకి అటూ ఇటూ తిరిగాయి.

మామక్ అంటే మన మామే. తమిళ ముస్లిములని అలా పిలవడం అలవాటైపోయింది. వాళ్ల నాసి కందర్‌లో కందర్ అంటే కావడి. ఒకప్పుడు ఒక తట్టలో అన్నం, ఇంకో తట్టలో కూరలు పెట్టుకుని కావడి భుజాన వేసుకుని రేవు కూలీలకి అమ్మేవాళ్లు. వాళ్ల మీ గోరెంగ్ చూస్తే ఇంకా తమాషా. పసుపచ్చ గోధుమ నూడుల్స్ చైనావాళ్లవి. వాటిని తీసుకుని మిరప ముద్ద, టమాటా సాస్, ఉడికించిన బంగాళాదుంప, పిండి వడల ముక్కలు, టోఫు, గుడ్డు వేసి వేయించి, పక్కన చిన్న నిమ్మబద్ద పెట్టారు. చైనా వంటవాడు చూస్తే గుండె పట్టుకుంటాడు. బయటినుంచి వచ్చినవాడు ఇంకొకరి సరుకుతో "తప్పుగా" వండిన వంట అది, ఇప్పుడు పెనాంగ్ గర్వంగా చూపించుకునేవాటిలో ఒకటి. ఆ మాటకొస్తే చార్ కోయ్ తియావ్ కూడా చైనా నుంచి కూలికొచ్చినవాళ్ల తిండే. 2024 డిసెంబరులో యునెస్కో మలేషియా పేరు మీద నాసి లెమాక్, రోటీ చనాయ్, తే తారిక్‌ల అల్పాహార సంస్కృతిని గుర్తించింది. అందులో రోటీ చనాయ్ మన పరోటాయే, సముద్రం దాటి వెళ్లింది.

ఇక్కడో చిన్న ముచ్చట. జార్జ్‌టౌన్‌లో 1801లో కట్టిన కపితాన్ కెలింగ్ మసీదు ఉంది. కెలింగ్ అనే మాట కళింగ నుంచి వచ్చింది. మా ఊరు కళింగపట్నానికి బస్సులో అరగంట. కాబట్టి ఆ మసీదు బోర్డు చూసి నేను తెగ మురిసిపోయి ఆఫీసులో "నేను అసలు సిసలు కెలింగ్‌ని" అన్నాను. బల్ల చుట్టూ అందరూ ఒక్కసారి ఊరుకుండిపోయారు. ఇప్పుడది భారతీయుల్ని తిట్టే మాటట. మా తీరం పేరు అక్కడికి పడవలో వెళ్లి ఎప్పుడో తిట్టైపోయింది.

వలస వచ్చినవాళ్లే ఈ వంటలన్నీ పుట్టించారు కాబట్టి వలసవాళ్లని ఆపడం అన్యాయం అని చాలామంది రాశారు. మొదట్లో నేనూ అంతే అనుకున్నాను. తర్వాత ఆ వాదనలో చిల్లు కనబడింది. ఆనాటి మామక్‌కి కావడి తనది. ఏం కలపాలో, ఎంత కారం వెయ్యాలో తన ఇష్టం. నచ్చకపోతే జనం కొనరు, నచ్చితే బండి, బండి తర్వాత కొట్టు. మా బర్మా కుర్రాడికి బండి పెట్టుకునే హక్కు లేదు. వాడి పర్మిట్ ఒక యజమానికి ముడేసి ఉంటుంది, ఏడాదికోసారి కొత్తగా వేయించుకోవాలి, యజమాని వద్దంటే విమానం ఎక్కాలి. వాడు ఆ మూకుట్లో తన ఊరి దినుసు ఒక్కటి కూడా వెయ్యలేడు. అంకుల్ వేసింది వేసినట్టు వెయ్యాలి. కాబట్టి పాత వలసకీ ఈ వలసకీ పోలిక పెట్టి "చూశారా, వీళ్లూ రేపు కొత్త వంట పుట్టిస్తారు" అనడం తియ్యటి అబద్ధం. పుట్టించరు, పుట్టించనివ్వరు.

దీనికి నాకు దొరికిన సాక్ష్యం పెరాక్ రాష్ట్రంలో బగాన్ దతో వైపు ఒక తెలుగు ఇంట్లో తిన్న భోజనం. తోటల పనికి మా జిల్లాల నుంచి వెళ్లినవాళ్ల మనవలు అక్కడ ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు. ఆ ఇంటి పెద్దావిడ చేపల పులుసు పెట్టింది. మెంతులు ఉన్నాయి, బెల్లం ఉంది, చింతపండు బదులు అసమ్ ముక్కలు, మీద సన్నగా తరిగిన బుంగా కంతాన్. "ఇది మా అమ్మమ్మ పులుసు" అంది. ఆవిడ అమ్మమ్మ ఓడ దిగిన రోజున ఆ మొగ్గని చూసి ఉండదు. ఎవరూ తరిమెయ్యకుండా మూడు తరాలు ఒక్కచోట ఉండిపోతే పులుసులోకి వచ్చి పడింది. రుచిని కాపాడాలన్నా, కొత్తది పుట్టించాలన్నా వంటవాడు కదలకుండా చాలా కాలం ఉండగలగాలి. ఆ భరోసా ఇవ్వకుండా పుట్టిన దేశం మాత్రం అడిగే నిబంధన నాకందుకే రుచించలేదు.

ఆరు రింగిట్లు

ఇదంతా రాశాక నా వైపు కూడా చూసుకోవాలి. నేనూ అక్కడ విదేశీయురాలినే. నా వీసా వేరే రంగు, జీతం వేరే రకం, మలేషియా చిప్పుల్ని తెలుగమ్మాయి టెస్ట్ చెయ్యడమేంటని ఒక్కరూ అడగలేదు. గరిటె పట్టుకుంటే సంస్కృతి, మల్టీమీటర్ పట్టుకుంటే ఉద్యోగం.

అంతకంటే ఇబ్బందిపెట్టేది డబ్బు లెక్క. ప్లేటు ఆరు రింగిట్లు, అప్పట్లో సుమారు వంద రూపాయలు. అంకుల్ ఒకసారి యాభై సెన్లు పెంచితే అదే రోడ్డులో ఉండే మేమంతా వారం రోజులు గొణిగాం. అంతే పొగ ముందు, అంతే సేపు ఒక షెఫ్ హోటల్లో నిలబడితే నాలుగింతలిస్తాం. అంకుల్ కొడుకు సింగపూర్‌లో ఉద్యోగం. "వాడు ఇక్కడికొచ్చి ఏం చేస్తాడు, మణికట్టు పాడుచేసుకుంటాడా" అన్నాడు ఆయనే. బండ్ల మీద బయటివాళ్లు ఎందుకొచ్చారంటే, ఇంట్లోవాళ్లు ఆ ధరకి ఆ పని చెయ్యరు కాబట్టి. ధర పెంచడానికి తినేవాళ్లం ఒప్పుకోం. 2018లో ఫెడరల్ మానవ వనరుల మంత్రి దేశమంతా హోటళ్లలో స్థానిక వంటవాళ్లే ఉండాలని అనేసి, గోల మొదలయ్యాక అది ప్రతిపాదన మాత్రమేనని సర్దుకున్నాడు. మా ఆఫీసు పక్క మామక్ కొట్టు అతను నాతో "మీ ఇంజనీర్లలో ఎవరైనా వస్తారా, రాత్రి షిఫ్టు" అని అడిగాడు, నవ్వకుండానే.

నిబంధన వచ్చాక మా కింద బండికి ఏమైందంటే, అంకుల్ వారానికి రెండు రోజులు సెలవు పెట్టాడు. తర్వాత మూడు. 2018లో నేను బయల్దేరేనాటికి మూడు రోజులే తెరిచేవాడు, రాత్రి ఎనిమిదికల్లా మూత. కుర్రాడికి వండటం తెలుసు, వండకూడదు. ఆయన వండొచ్చు, చెయ్యి లేవదు. ఒక రాత్రి జనం పల్చబడ్డాక ఇద్దరూ తమ కోసం ఒక ప్లేటు వేసుకోవడం చూశాను. మూకుడు ముందు కుర్రాడు, విసనకర్రతో బొగ్గులు విసురుతూ అంకుల్. నన్ను చూసి అంకుల్ వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. కొన్నేళ్లకి పాత కొలీగ్ ఫొటో పంపింది. ఆ చోట ఇప్పుడు బబుల్ టీ అమ్ముతున్నారు. కుర్రాడి సంగతి ఆమెకీ తెలీదు.

ఇదంతా మనసులో పెట్టుకుని మొన్న ఆదివారం ఆ హైదరాబాదు హోటల్‌కి మళ్లీ వెళ్లాను, ఒక్కదాన్నే, రద్దీ లేని వేళ. పులుసు తిని, వండినతనితో మాట్లాడొచ్చా అని అడిగాను. ఏదో కంప్లెయింట్ అనుకుని చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. హిందీలో మొదలుపెట్టాను. తెలుగులోనే చెప్పండి మేడమ్ అన్నాడు. బరంపురం పక్కన పల్లెటూరట, ఇచ్ఛాపురం నుంచి గంట కూడా పట్టదు. ఇంట్లో అమ్మ తెలుగు, నాన్న ఒడియా. పదకొండేళ్లుగా ఈ ఊళ్లోనే వంట.

పులుసు బావుంది, కానీ బెల్లం పడలేదేంటి అన్నాను.

"మా అమ్మ వేస్తుందండి, నాకూ అలాగే ఇష్టం" అన్నాడు. క్యాష్ కౌంటర్ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఇక్కడ కస్టమర్లకి తియ్యగా ఉంటే నచ్చదని ఓనరుగారు వెయ్యొద్దన్నారు. మీకు కావాలంటే వచ్చే ముందు ఫోన్ చెయ్యండి, విడిగా ఒక గిన్నె పెడతాను."